డీటీహెచ్ ఎల్‌ఎన్‌బీతో స్టార్‌లింక్ టెర్మినల్ సిగ్నల్ పట్టొచ్చా?

హనుమకొండ నుంచి ప్రశ్న:
డాబా మీద పాత డీటీహెచ్ ఛత్రి (దాని ముందున్న సిగ్నల్ పట్టే డబ్బీనే ఎల్‌ఎన్‌బీ), చేతిల ఆర్‌టీఎల్ ఎస్‌డీఆర్ డోంగిల్ (ల్యాప్‌టాప్‌కు పెట్టే చిన్న రేడియో రిసీవర్) ఉన్నయి. స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ టెర్మినల్ (ఇంటి మీద పెట్టే పలక) పైకి పంపే సిగ్నల్ కనబడతదా అన్నా? 11.325 గిగాహెర్ట్జ్ దగ్గర వాటర్‌ఫాల్‌ల (ఫ్రీక్వెన్సీలు కాలంతో ఎట్ల మారుతయో చూపే తెర) ఒక్క నిలువు గీత వస్తున్నది, కదలట్లేదు.

కాజీపేట:
తమ్మీ, రెండు సంగతులు కలిపినవ్. టెర్మినల్ పైకి పంపేది 14.0–14.5 గిగాహెర్ట్జ్‌ల, ఎల్‌ఎన్‌బీకి ఆ బ్యాండ్ అందదు. ఉపగ్రహం కిందికి పంపేది మాత్రం పట్టొచ్చు. 11.325 ల నుంచి ఎల్‌ఎన్‌బీ లోపలి ఆసిలేటర్ ఫ్రీక్వెన్సీ 9.75 తీసేస్తే 1575 మెగాహెర్ట్జ్, అక్కడ ట్యూన్ చెయ్.

ఛత్రి వద్దు. 60 సెంటీమీటర్ల డిష్ చూపు 3 డిగ్రీలే, 550 కిలోమీటర్ల ఎత్తున పోయేది నాలుగైదు సెకన్లల దాటిపోతది. ఉత్త ఎల్‌ఎన్‌బీ మూతిని నడినెత్తికి పెట్టు. దాదాపు 44 కిలోహెర్ట్జ్ ఎడంతో సన్న గీతలు వరుసగా వాలుతూ జారితే అవే. ఆ వాలు డాప్లర్‌ది, అంటే ఉపగ్రహం కదలడంతో ఫ్రీక్వెన్సీ జరగడం.

నీ నిలువు గీతకు పరీక్ష: మూతికి అరచెయ్యి అడ్డం పెట్టు. చేతి వేడికి నాయిస్ లేస్తది. గీత మాత్రం చెక్కుచెదరకుంటే అది డోంగిల్‌లనో ల్యాప్‌టాప్‌లనో పుట్టింది.

కరీంనగర్:
కరెంటు సంగతి మర్చిపోవద్దు. ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు కావాలె, డోంగిల్ బయాస్‌టీ (కేబుల్‌ల కరెంటు పంపే ఏర్పాటు) ఇచ్చేది 4.5 వోల్టులే. ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఇచ్చే ఫ్రీ డిష్ బాక్సును స్ప్లిటర్ పవర్‌పాస్ (కరెంటు పోనిచ్చే) పోర్టుకు, డోంగిల్‌ను డీసీ ఆపే పోర్టుకు కలపాలె. కలిపే ముందు ఆ పోర్టు మీద మల్టీమీటర్ సున్నా చూపాలె, లేకుంటే డోంగిల్ కాలిపోతది. బాక్సు మెనూల 22 కిలోహెర్ట్జ్ టోన్ ఆఫ్ చెయ్; ఆన్ ఉంటే ఆసిలేటర్ 10.6కు మారి, సిగ్నల్ 725 మెగాహెర్ట్జ్‌కు పోతది.

మన మే ఎండల పాత డీఆర్‌ఓ రకం (వేడికి ఆసిలేటర్ జరిగే) ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ వందల కిలోహెర్ట్జ్ జరుగుతది. పొద్దుగాల చూడు, లేదా పీఎల్‌ఎల్ రకం (ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉండేది) కొను.

హనుమకొండ:
మరి 14 గిగాహెర్ట్జ్ కోసం?

కాజీపేట:
డబ్ల్యూఆర్-75 హార్న్ (ఈ బ్యాండ్ పట్టే కొమ్ము యాంటెన్నా), 13 గిగాహెర్ట్జ్ ఆసిలేటర్, రెంటినీ కలిపి ఫ్రీక్వెన్సీ తగ్గించే మిక్సర్. అప్పుడు 1.0–1.5 గిగాహెర్ట్జ్‌ల వస్తది. దాదాపు 60 మెగాహెర్ట్జ్ వెడల్పు సిగ్నల్‌ల డోంగిల్ 2.4 మెగాహెర్ట్జ్ ముక్కే చూస్తది, అందుకే గీత రాదు; నాయిస్ నేల (అడుగున ఉండే నాయిస్ మట్టం) కాసేపు లేచి పడిపోతది. టెర్మినల్ ఆగి ఆగి పంపుతది కాబట్టి సగటు తీస్తే మాయమైతది, మ్యాక్స్ హోల్డ్ (పై విలువను పట్టి ఉంచేది) పెట్టు. బీము ఆకాశానికే ఉంటది, పక్కకు కారే సైడ్‌లోబే నీకు అందుతది. కొద్ది మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టు, పలక ముందుకు మాత్రం పోకు.