కిడ్నీ బయాప్సీ (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) రిపోర్టులో మూడు పేర్లు ఉంటే మూడు జబ్బులా?

గాజువాక వాసి:
ముఖం, పాదాలు వాచి, మూత్రం నురగగా వస్తుండడంతో మా తమ్ముడికి పరీక్షలు చేయించాము. రోజుకు 3.5 గ్రాములకు మించి ప్రొటీన్ పోతున్నందున మొదట నెఫ్రోటిక్ సిండ్రోమ్ అన్నారు. బయాప్సీ తరువాత మెంబ్రేనస్ నెఫ్రోపతీ అన్నారు. ఇప్పుడు ప్రైమరీ, పీఎల్ఏ2ఆర్ పాజిటివ్ అంటున్నారు. దేనికి వైద్యం జరుగుతున్నట్టు?

ఎంవీపీ కాలనీ వాసి:
జబ్బు ఒక్కటేనండి. మొదటి పేరు లక్షణాలను బట్టి పెట్టినది. మూత్రంలో రక్తం, బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) పెరగడం ముందుకు వస్తే దానిని నెఫ్రైటిక్ అంటారు. రెండవది సూక్ష్మదర్శినిలో కనిపించిన తీరు. మూడవది కారణం: ప్రైమరీ అంటే వేరే జబ్బు వల్ల కాక కిడ్నీలోనే మొదలైనదని, పీఎల్ఏ2ఆర్ పాజిటివ్ అంటే కిడ్నీ వడపోత కణాల మీదుండే ఆ పేరుగల ప్రొటీన్‌పై శరీరమే యాంటీబాడీలు తయారుచేస్తోందని. ఇదే మెంబ్రేనస్ తీరు లూపస్ (శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాల మీదే తిరగబడే జబ్బు) వల్ల, హెపటైటిస్ బి వల్ల, ఒక్కోసారి క్యాన్సర్ వల్ల కూడా వస్తుంది కాబట్టి, అప్పుడు సెకండరీ అంటారు. పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీని 2009లో గుర్తించేవరకు మీ తమ్ముడివంటి కేసుల్లో చాలావాటికి కారణం తెలియదనే రాసేవారు. రిపోర్టులో ఇమ్యునోఫ్లోరసెన్స్ (యాంటీబాడీలు ఎక్కడ పేరుకున్నాయో మెరిసే రంగుతో చూపే పరీక్ష) భాగం తప్పక చదవండి: మెంబ్రేనస్‌లో ఐజీజీ అనే యాంటీబాడీ చుక్కలు చుక్కలుగా, యాంటీ జీబీఎం జబ్బులో (యాంటీబాడీలు కిడ్నీ వడపోత పొర మీదే దాడి చేసేది) సన్నని గీతలా కనిపిస్తుంది, ఆంకా జబ్బుల్లో (ఆంకా అనే యాంటీబాడీలతో సన్న రక్తనాళాలు దెబ్బతినేవి) దాదాపు ఏమీ కనిపించదు.

అక్కయ్యపాలెం వాసి:
మా ఆవిడది లూపస్ నెఫ్రైటిస్, క్లాస్ 4. 2003 వర్గీకరణలో ఆరు క్లాసులున్నాయి గనుక 5 అంటే 4 కంటే ముదిరినదని బంధువులందరూ లెక్కలు వేశారు. అది మెట్ల వరుస కాదు. 4 అంటే సగానికి పైగా గ్లోమెరులైలలో (కిడ్నీలో రక్తాన్ని వడపోసే సన్న రక్తనాళాల చుట్టలు) వాపు ఉన్నట్టు, 5 అంటే మెంబ్రేనస్ తీరు. రెండూ కలిసి కూడా రావచ్చు. ఆరవది మాత్రం నిజంగానే మచ్చకట్టిపోయిన దశ. ఐజీఏ నెఫ్రోపతీ (ఐజీఏ అనే యాంటీబాడీ గ్లోమెరులైలలో పేరుకునే జబ్బు) ఉన్నవారి రిపోర్టులో కనిపించే ఎం, ఇ, ఎస్, టి, సి అక్షరాలు కూడా జబ్బు రకాలు కావు, ముందుముందు ఎలా ఉండవచ్చో అంచనా వేసే గుర్తులు. అన్నట్టు, మినిమల్ చేంజ్ అన్న పేరు చూసి తేలికగా తీసుకోవద్దు. మామూలు సూక్ష్మదర్శినికి మార్పు కనబడదనే దాని అర్థం, ముఖం, పాదాల వాపు మాత్రం విపరీతంగా ఉంటుంది.

సోంపేట నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వచ్చేవారు:
మరి మా శ్రీకాకుళం వైపు ఉద్దానంలో ఎక్కువగా వచ్చే కిడ్నీ జబ్బు ఇందులో ఏ వర్గం?

ఎంవీపీ కాలనీ వాసి:
ఇందులో ప్రధానంగా చేరదండి. అక్కడ ముందుగా దెబ్బతినేవి గ్లోమెరులైలు కావు, నాళికలు, వాటి మధ్యనుండే కణజాలం. ప్రొటీన్ తక్కువగానే పోతుంది కాబట్టి నురగ, వాపు కనబడలేదని ఊరుకోకుండా క్రియాటినిన్ చూపించుకోవాలి.