సమస్యాపూరణం: ‘చదువు రాని వాఁడె చదివి చెప్పె’ (పూరించినవారివి కలంపేర్లు)

నిర్వాహకుడు: ఈసారి సమస్య, అంటే మీరు అర్థం కుదిర్చి పద్యంగా పూర్తి చేయాల్సిన పాదం, ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల తునకలు), యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు, చ–చ. పిల్లలకు కథలో పద్యాలో వినిపించే సందర్భంలోనే పూరించాలి. దేవతల్నీ శాపాల్నీ పిలిచి గట్టెక్కడం ఈసారికి వద్దు. వేమన పద్యాలు నోటికి వచ్చిన పిల్లలకు ఈ నడక ముందే తెలుసు కాబట్టి, పూరణ వాళ్ల ముందు చదివితే తడబడకుండా సాగాలి.

బొమ్మలపుస్తకం:

అమ్మ చెప్పు కథల ననుదినమ్ము వినుచు
పుటల మార్పు నెఱిగి బొమ్మఁ బట్టి
నాలుగేండ్ల బుడుత నాన్నకే కథ నంత
చదువు రాని వాఁడె చదివి చెప్పె

యతిమైత్రి: హాయిగా ఉంది. ‘నాన్నకే’లోని ఏకారంలో పిల్లవాడి దర్పమంతా కనిపిస్తోంది. ఒక్క మాట. మొదటి పాదంలో ‘కథలు’, మూడో పాదంలో ‘కథ’. ఆ వయసు పిల్లలు రోజుకో కథ అడగరు, విన్నదే మళ్లీ మళ్లీ అడుగుతారు. పెద్దలకు విసుగు పుట్టేది అక్కడే, వాళ్లకు కంఠస్థమయ్యేదీ అక్కడే. ‘అమ్మ చెప్పు కథనె యనుదినమ్ము వినుచు’ అంటే యతీ చెడదు, పూరణకు కారణమూ దొరుకుతుంది.

బొమ్మలపుస్తకం: మార్చుకున్నాను. మధ్యలో ఒక వాక్యం వదిలేస్తే పట్టుకునేదీ వాళ్లేనండీ!

పద్యప్రియ: నాకొక అనుమానం. బొమ్మలు చూసి అప్పజెబితే అది చదవడం ఎలా అవుతుంది?

నిర్వాహకుడు: కాకపోబట్టే కదా ఇది సమస్య అయింది! అయినా పుస్తకం ఎటు పట్టుకోవాలో, పుట ఎప్పుడు తిప్పాలో, ఏ బొమ్మ దగ్గర ఏ మాట రావాలో వాడికి తెలిసింది. ఇక అక్షరాలే మిగిలాయి.

పద్యప్రియ: అయితే నా పూరణలో నిజంగానే చదివించాను, చూడండి.

ఆఱు చుక్కలందె యక్షరమ్ముల నెల్ల
వేలికొనలఁ దడిమి వెదకి తెలిసి
బాలుఁడొకఁడు వేమ పద్యముల్ కనులతో
చదువు రాని వాఁడె చదివి చెప్పె

నిర్వాహకుడు: భేష్! ‘కనులతో’ అనే మాటను మూడో పాదం చివర ఉంచి, సమస్యలోని ‘చదువు రాని’కి అర్థమే మార్చేశారు. చూపులేనివాళ్లు వేళ్లతో తడిమి చదివే బ్రెయిలీ లిపి ఇది; ఆరు చుక్కల అమరికలో 63 గుర్తులు వస్తాయి, మన అచ్చులూ హల్లులూ అన్నీ అందులో ఇమిడిపోతాయి. ఇంకో ముచ్చట: లూయీ బ్రెయిలీ తన లిపిని ప్రచురించింది 1829లో. బ్రౌన్ దొర వేమన పద్యాలను అచ్చు వేయించిందీ ఆ సంవత్సరమే. ఒకరిది పారిస్, ఒకరిది మద్రాసు. ఆ రెంటినీ మీ పద్యం ఒక పిల్లవాడి వేళ్ల కింద కలిపింది.

యతిమైత్రి: భావానికి నేనూ నమస్కరిస్తాను. వ్యాకరణమే ఒప్పుకోదు. ‘తో’ ద్రుతాంతం (చివర నకారం దాగిన మాట), కాబట్టి తరువాతి చకారం జకారమై ‘కనులతోఁ జదువు’ కావాలి. సమస్యలో అక్షరం కదలకూడదంటే ‘పద్యముల్ కను విప్పి’ అనండి. గణాలు సరిపోతాయి.

పద్యప్రియ: ‘కను విప్పి’లో నా ‘కనులతో’ అంత సూటిదనం లేదండీ. నేను జకారమే వేస్తాను. చ–జలకు యతి చెల్లుతుంది కదా.

యతిమైత్రి: చెల్లుతుంది. మీ ఇష్టం.

వెనుకబల్ల: నాది విరుపు, మాటల్ని వేరేచోట విడదీసి అర్థం మార్చడం.

నిన్న బడికిఁ బిలువ నిద్రించి రాఁడాయె
నేఁడు వచ్చి వారి నెల్ల మించి
గట్టిగాను గజపు గాథయౌ నిన్నటి
చదువు, రాని వాఁడె చదివి చెప్పె

యతిమైత్రి: కామా మోసిన పద్యం! ‘వారి’ అంటే ఎవరిని? ‘నేఁడు తోటివారి నెల్ల మించి’ అంటే సరి.

తొలిప్రయత్నం: పద్యం రాయడం నాకు ఇదే మొదలు. పెద్దలు దిద్దాలి.

పలకఁ బట్టలేదు, బడిమెట్టు నెక్కఁడు
తాత నోట నిలిచె పద్యములు
మనుమరాలి ముందు మడిచి పొత్తమపుడు
చదువు రాని వాఁడె చదివి చెప్పె

యతిమైత్రి: పుస్తకం మూసి చదివించడం ఇంతవరకు ఎవరికీ తట్టలేదు. మూడో పాదాన్ని ముట్టుకోకండి. రెండో పాదంలో మాత్రం ఐదో గణానికి ఒక లఘువు (పొట్టి అక్షరం) తక్కువ, తా–పలకు మైత్రి లేదు. ‘తాత నోటఁ బద్యధార పొంగు’ అనవచ్చు. మొదటి పాదంలో ‘పట్టలేదు’ గడిచిన కాలం, ‘ఎక్కఁడు’ కాదు. అదీ చూడండి.

తొలిప్రయత్నం: మీరిచ్చిన పాదం బాగుంది కానీ, మా తాత నోట పొంగేవి కథలండీ. ఇలా మార్చాను:

పలకఁ బట్టకుండ బడిమెట్టు నెక్కక
పెరిగెఁ దాత, నోటఁ బెక్కు కథలు
మనుమరాలి ముందు మడిచి పొత్తమపుడు
చదువు రాని వాఁడె చదివి చెప్పె

యతిమైత్రి: పె–బె యతి మీకు మీరే పట్టారు. నేను చెప్పినదాని కన్నా ఇదే బాగుంది.

నిర్వాహకుడు: వచ్చే సమస్య తేటగీతి పాదం: ‘కాకి కుండలో నీరెల్ల కక్కివైచె’. గులకరాళ్లు ఎవరి దగ్గరైనా ఉంటే సిద్ధం చేసుకోండి.