వందలో జీరో పక్కా, ఆరొందల్లో మాత్రం కుడికి పోతోంది: స్కోప్‌లో లోపం ఎక్కడ?

కొత్తగురి:
308 కాలిబర్ బోల్ట్ రైఫిల్‌తో ఎఫ్-క్లాస్ పద్ధతిలో (ఆసరా పెట్టుకుని దూరపు టార్గెట్ కొట్టే పోటీ) కొడతాను. ముందు బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్), వెనక ఇసుక సంచి, పడుకుని గురి. 100 మీటర్లలో జీరో చేశాక, అంటే గురిపెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సరిచేశాక, ఐదు షాట్లూ రెండున్నర సెంటీమీటర్ల లోపే, సరిగ్గా మధ్యలో పడుతున్నాయి. 300కి ఎలివేషన్ టరెట్ (ఎత్తు మార్చే నాబ్) 1.5 మిల్ (మిల్ అంటే దూరంలో వెయ్యో వంతు) పైకి తిప్పితే ఎత్తు సరిపోతోంది కానీ గ్రూప్ (షాట్ల గుంపు) మూడు సెంటీమీటర్లు కుడికి జరుగుతోంది. 600కి 4.7 మిల్ తిప్పితే ఏకంగా 20 సెంటీమీటర్లు కుడికి. గాలి జెండాలు కదలకుండా వేలాడుతున్న పొద్దుటి పూట కొట్టినా అదే వరస. పోనీ అని విండేజ్ (పక్కకి సరిచేసే నాబ్) మూడు క్లిక్కులు ఎడమకి తిప్పి 600లో మధ్యకి తెస్తే, 100లో మూడు సెంటీమీటర్లు ఎడమకి పోతోంది.

స్కోప్ క్లిక్కు 0.1 మిల్. రైల్ (రైఫిల్ మీద స్కోప్ బిగించే పట్టీ) మీద చిన్న బుడగ లెవెల్ బిగించుకున్నాను, ప్రతి షాట్‌కీ బుడగ మధ్యలో ఉందని చూసుకునే ట్రిగ్గర్ నొక్కుతాను. స్కోప్ లోపల ఏదైనా పాడైందా? మార్చాల్సి వస్తుందేమో అని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

చల్లనిబారెల్:
ముందు స్క్రూలు చూడండి. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి మరీ ఖాళీ అని నమ్మకం కుదిరాకే పని మొదలుపెట్టండి. బేస్ (రైల్) స్క్రూలు, స్కోప్‌ని పట్టుకునే రింగుల స్క్రూలు, యాక్షన్‌ని (బోల్ట్ ఉండే లోహపు భాగం) స్టాక్‌కి (భుజానికి ఆనించే భాగం) పట్టి ఉంచే స్క్రూలు, ఈ మూడు చోట్లా టార్క్ రెంచ్‌తోనే (బిగింపు బలం కొలిచే పానా) చూడాలి. చేతి అంచనా పనికిరాదు. రింగులకి చాలామంది తయారీదారులు 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల మధ్య చెబుతారు. మీ రింగులతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

తర్వాత పారలాక్స్, అంటే కన్ను జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించే దోషం. రైఫిల్‌ని సంచుల మీద కదలకుండా పెట్టి, కన్ను కొంచెం అటూ ఇటూ జరిపి చూడండి. టార్గెట్ మీద రెటికల్ (స్కోప్ లోపలి గురి గీతలు) ఈదుతున్నట్టు కదిలితే పక్కనున్న నాబ్ ఇంకా సరిపడలేదని అర్థం. నాబ్ మీద రాసిన దూరం అంకెని నమ్మకండి, రెటికల్ కదలడం ఆగేదాకా తిప్పండి.

పదోరింగు:
చల్లనిబారెల్ గారు చెప్పినవన్నీ చూడాల్సినవే. కానీ కొత్తగురి గారూ, మీ అంకెలు వేరే కథ చెబుతున్నాయి. స్క్రూ వదులైతే షాట్లు చెదిరిపోతాయి. పారలాక్స్ తప్పితే తల పెట్టిన తీరుని బట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతాయి. మీకు గ్రూప్ గ్రూప్‌గానే ఉంది, ఎప్పుడూ కుడికే పోతోంది, పైగా టరెట్ ఎంత తిప్పితే అంత పోతోంది. తిప్పనప్పుడు, అంటే 100లో, తప్పే లేదు. నాకైతే రెటికల్ ఒక పక్కకి ఒరిగి ఉందనే అనిపిస్తోంది.

ఎలాగంటే, ఎలివేషన్ టరెట్ తిప్పినప్పుడు తూటా పడే చోటు భూమికి నిటారుగా పైకి పోదు. రెటికల్ నిలువు గీత ఎటు చూస్తే అటు పోతుంది. ఆ గీత తల 3 డిగ్రీలు కుడికి ఒరిగి ఉంటే, పైకి తిప్పిన ప్రతి 100 సెంటీమీటర్లకీ ఐదు సెంటీమీటర్ల పైచిలుకు కుడికి జరుగుతుంది. 600 మీటర్లలో 4.7 మిల్ అంటే 282 సెంటీమీటర్లు. దానికి 14, 15 సెంటీమీటర్లు కుడికి. మీరు చెప్పిన 20లో ముప్పాతిక వంతు ఇక్కడే తేలిపోయింది.

బుడగ మధ్యలోనే ఉంది కదా అంటారు. మీ బుడగ రైల్ మీద ఉంది. అది చెప్పేది రైఫిల్ సంగతి, రెటికల్ సంగతి కాదు. రింగులు బిగించేటప్పుడు ఒక పక్క స్క్రూ ముందుగా గట్టిగా పట్టేస్తే స్కోప్ ట్యూబు ఆ పక్కకి కొంచెం తిరిగిపోతుంది. రెండు మూడు డిగ్రీల ఒరుగుని కంటితో పట్టుకోవడం చాలా కష్టం.

అనుమానం తీర్చుకోవడానికి 600 దాకా వెళ్లొద్దు. 100 మీటర్లలోనే చూడండి, అక్కడ గాలి గొడవ దాదాపు ఉండదు. దూరం మాత్రం టేపుతో కొలవండి. మీటరు ఎత్తు కాగితం గట్టిగా అంటించి, దాని ముందు మేస్త్రీలు గోడకి వేలాడదీసే గుండు దారం దించి, దారం వెంబడే నిలువు గీత గీయండి. కింది కొసన గురి చుక్క పెట్టండి. జీరోలో ఒక గ్రూప్, 5 మిల్ పైకి తిప్పి అదే చుక్క మీద గురిపెట్టి ఇంకో గ్రూప్. బుడగ రోజూ చూసుకున్నట్టే చూసుకోండి. పై గ్రూప్ సరిగ్గా 50 సెంటీమీటర్ల ఎత్తున, గీత మీదే పడాలి. రేంజ్ గజాల్లో ఉంటే 45.7. ఎత్తు తగ్గినా పెరిగినా టరెట్ క్లిక్కుల్లో తేడా. ఎత్తు సరిపోయి పక్కకి పోతే ఒరుగు. ఈ ఒక్క కాగితం చాలు.

గాలిపాఠం:
ఒక మాట. కుడి మెలిక బారెల్ (లోపలి గాడులు కుడివైపు మెలిక తిరిగినది) నుంచి వచ్చే తూటా తన తిరుగుడు వల్లే కుడికి జరుగుతుంది. 308కి 600లో అది ఆరేడు సెంటీమీటర్లు ఉంటుంది. మొత్తం నేరం స్కోప్ మీదే వేయకండి. ఇంకోటి, రెటికల్‌ని మాత్రమే నిటారుగా పెడితే స్కోప్ బారెల్‌కి సరిగ్గా పైన ఉండదు కదా, అప్పుడూ పక్కకి పోతుంది.

పదోరింగు:
తిరుగుడు సంగతి నిజం. అందుకే 100లో చూడమన్నాను, అక్కడ అది లెక్కలోకి రాదు. రెండో మాటకి లెక్క చూద్దాం. స్కోప్ మధ్య గీత బారెల్‌కి 50 మిల్లీమీటర్లు పైన ఉందనుకోండి. రైఫిల్ 3 డిగ్రీలు ఒరిగి, రెటికల్ మాత్రం నిటారుగా ఉంటే బారెల్ పక్కకి జరిగేది 2.6 మిల్లీమీటర్లు. 100లో జీరో చేసుంటే 600లో తేడా 13 మిల్లీమీటర్లు. రెటికల్ ఒరిగితే 15 సెంటీమీటర్లు! రెండూ సరిగ్గా ఉంటే మంచిదే. కానీ ముందు నిటారుగా ఉండాల్సింది రెటికల్.

కొత్తగురి:
అన్నా, చేసి చూశాను. స్క్రూలన్నీ చెప్పిన టార్క్‌లోనే ఉన్నాయి. కింది గ్రూప్ గీత మీద. 5 మిల్ తిప్పాక పై గ్రూప్ 50 సెంటీమీటర్ల ఎత్తున, గీతకి రెండున్నర సెంటీమీటర్లు కుడికి. ఇప్పుడెలా సరిచేయాలి?

పదోరింగు:
ఎత్తు 50 వచ్చిందంటే టరెట్ చక్కగా పనిచేస్తోంది. స్కోప్ మార్చే పని లేదు, నిశ్చింతగా ఉండండి. 50కి 2.5 అంటే మూడు డిగ్రీలకి రవ్వంత తక్కువ.

రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసి, వైస్‌లోనో గట్టి స్టాండ్ మీదో కదలకుండా పెట్టండి, రైల్ బుడగ మధ్యలో ఉండాలి. స్కోప్‌లో స్పష్టంగా కనిపించేంత దూరంలో, గాలి తగలని చోట, గుండు దారం వేలాడదీయండి. గుండు నీళ్ల డబ్బాలో మునిగితే ఊగడం ఆగుతుంది. రింగుల పై మూతలు కొంచెమే వదులు చేసి, నిలువు గీత దారం మీద కూర్చుని దారాన్ని మింగేసేదాకా ట్యూబుని తిప్పండి. టరెట్ మూత మీద లెవెల్ పెట్టి చూసుకోవడం నాకు నచ్చదు. మూత సమంగా ఉన్నంత మాత్రాన లోపలి రెటికల్ సమంగా ఉన్నట్టు కాదు.

ఇక బిగించడం, అసలు ఓపిక ఇక్కడే కావాలి. ఒక్కో స్క్రూకీ పావు మలుపు, ఎదురెదురుగా. మూతకి రెండు పక్కలా సందు ఒకేలా ఉందా చూడండి. ప్రతి చుట్టూ అయ్యాక మళ్లీ స్కోప్‌లో చూడండి, గీత దారం నుంచి వెంట్రుకంత తప్పుకున్నా వదులు చేసి మళ్లీ మొదలు.

బిగింపు పూర్తయ్యాక ఎలివేషన్ జీరో నుంచి 10 మిల్ పైకి తిప్పుతూ లోపల చూస్తూ ఉండండి. గీతల కూడలి దారం మీదే జారుతూ కిందికి దిగాలి. దారం వదిలి పక్కకి జరిగితే రెటికల్ ఒక దారిలో, టరెట్ ఇంకో దారిలో ఉన్నట్టు. అప్పుడు తయారీదారుకి పంపాల్సిందే. అదీ బాగుంటే ఒక బుడగ లెవెల్ ట్యూబుకే బిగించి, దారం చూస్తూనే దాన్ని మధ్యకి తెచ్చుకోండి. ఇకపై షాట్‌కి ముందు చూడాల్సింది ఆ బుడగనే.

100లో మళ్లీ జీరో చేసుకోండి, ట్యూబు తిరిగింది కాబట్టి పాత జీరో ఉండదు. 600లో ఆరేడు సెంటీమీటర్లు కుడికి ఇంకా మిగిలితే కంగారు పడకండి, అది గాలిపాఠం గారు చెప్పిన తిరుగుడే. ఒక క్లిక్కు ఎడమకి తిప్పితే సరి, 600లో ఒక క్లిక్కంటే ఆరు సెంటీమీటర్లు.