0.19 రోజుల ఆవర్తనం: స్పందించే తారా, గ్రహణ జంటా?

నిశాచరి:
ఒక గ్రహశకలాన్ని వెంబడిస్తూ ఆరు రాత్రులు తీసిన చిత్రాలను కొలుస్తుండగా, పోలిక కోసం ఎంచుకున్న తారే నిలకడగా లేదని తేలింది. దాని వెలుగు 13.2, 13.6 మాగ్నిట్యూడ్‌ల (తారల వెలుగును కొలిచే ప్రమాణం) మధ్య ఊగుతోంది. వెలుగు మార్పు ఎంత కాలానికోసారి తిరిగి వస్తోందో చూపే పీరియడోగ్రామ్‌లో 0.1914 రోజుల దగ్గర, అంటే సుమారు 4 గంటల 36 నిమిషాల దగ్గర, ఎత్తైన శిఖరం వచ్చింది. వెలుగు వక్రరేఖ నున్నగా ఉంది కాబట్టి స్పందించే (ఉబ్బుతూ కుంచించుకుపోతూ ఉండే) ఆర్‌ఆర్ లైరే తారల్లో సి రకమని అనుకుంటున్నాను. సరేనంటారా?

కృత్తిక:
తొందరపడకండి, ముందు ఆ సంఖ్యను రెట్టింపు చేసి చూడండి. ఒకదానినొకటి తాకుతూ తిరిగే జంట తారల్లో ఒక్కో చుట్టుకు రెండు గ్రహణాలు పడతాయి. వాటి లోతు దాదాపు సమానం కావడంతో ప్రోగ్రాం రెండింటినీ ఒకటిగానే లెక్కించి అసలు కాలంలో సగాన్ని చూపిస్తుంది. 0.3828 రోజులతో మడిచినప్పుడు (అన్ని చుట్ల కొలతలనూ ఒకే చుట్టుపై పేర్చినప్పుడు) రెండు కనిష్ఠాల లోతు నికరంగా వేరుగా ఉంటే అది జంటే. తేలకపోతే బి (నీలం), వి (పసుపు-ఆకుపచ్చ) ఫిల్టర్లతో కొలవండి. స్పందించే తార ఉష్ణోగ్రత మారుతుంది కాబట్టి నీలంలో ఊపు స్పష్టంగా పెరుగుతుంది. తాకుడు జంటలో రెండు ఫిల్టర్లలోనూ ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

ఆర్ద్ర:
ఒకే చోటి నుంచి, అదీ రాత్రిపూట మాత్రమే చూస్తాం కనుక రోజుకొక చుట్టు తేడాతో దొంగ శిఖరాలు కూడా లేస్తాయి. మీ లెక్కలో 0.1607, 0.2367 రోజుల దగ్గర వెతకండి. ఒక్క రాత్రి ఆరు గంటలు ఏకధాటిగా తీస్తే ఆ సందేహం తీరిపోతుంది.

శ్రవణం:
నాకు తగిలిన దెబ్బ వేరు. టెస్ ఉపగ్రహ దత్తాంశంలో ఒక ‘కొత్త’ తారను పట్టుకుని మిత్రులందరికీ చెప్పేశాను. టెస్ పిక్సెల్ ఒక్కొక్కటి 21 ఆర్క్‌సెకన్ల వెడల్పు కాబట్టి ఇరుగుపొరుగు తారల వెలుగు అందులో కలిసిపోతుంది. టెలిస్కోప్‌తో విడదీసి చూస్తే మారుతున్నది పక్కనున్న మసక చుక్క. అది ఏఏవీఎస్‌ఓ (మారే తారల పరిశీలకుల అమెరికా సంఘం) వారి వీఎస్‌ఎక్స్ అనే మారే తారల సూచికలో అప్పటికే ఉంది. నిశాచరి గారూ, మీరు ఆ సూచిక చూశారా?

నిశాచరి:
చూడలేదు, ఇప్పుడే చూశాను. తార అక్కడ ఉంది, కానీ నేను పొరబడినట్టే ఆర్‌ఆర్ లైరే సి రకమనీ, 0.1914 రోజులనీ నమోదైంది! నిన్న ఆరున్నర గంటలు తీశాను: దొంగ శిఖరాలు రెండూ పోయాయి, రెండు కనిష్ఠాల మధ్య 0.06 మాగ్నిట్యూడ్ తేడా వచ్చింది, బి, వి ఊపులు దాదాపు సమానం. కనుక ఆవిష్కరణ నాది కాదు. రకాన్నీ కాలాన్నీ సవరించమని వక్రరేఖతో సహా పంపుతున్నాను.