కులం అడిగి ఇల్లు లేదంటే అది రాజ్యాంగం చెప్పే వివక్షేనా?

అరండల్‌పేట అద్దెదారు:
గుంటూరు బ్రాడీపేటలో టు-లెట్ బోర్డు చూసి వెళ్లాం. పోర్షన్ అంతా చూపించారు, కరెంటు మీటరు విడిగా ఉందన్నారు. గుమ్మం దగ్గర "మీరేమిట్లు?" అన్నారు. ఎస్సీలమని చెప్పగానే "అయ్యో, పొద్దున్నే ఎవరో అడ్వాన్స్ ఇచ్చి వెళ్లారండీ" అన్నారు. బోర్డు ఇప్పటికీ గేటుకే ఉంది. ఇది ఆర్టికల్ 15 కిందికి రాదా?

కోర్టు సెంటర్:
రాదు. 15(1) వివక్ష చూపొద్దని చెప్పేది రాజ్యానికి. అంటే ప్రభుత్వం, చట్టసభలు, మున్సిపాలిటీ లాంటివి. ఇంటి ఓనరు రాజ్యం కాదు. పార్సీలకే సభ్యత్వమన్న అహ్మదాబాద్ హౌసింగ్ సొసైటీ నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టే చెప్పింది. ఓనరు చేసింది మంచి పనని నేననడం లేదు.

బెజవాడ పాఠకుడు:
15(1) దగ్గరే ఆగిపోయారేం సార్? 15(2) ప్రైవేటువాళ్లకీ వర్తిస్తుంది. దుకాణాలు, హోటళ్లలోకి కులం పేరుతో రానివ్వకపోవడం కుదరదు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఈ 'దుకాణం' మీద ప్రశ్న వస్తే, అడిగి వచ్చినవాళ్లకి సేవ అందించే చోటు ఏదైనా దుకాణమేనని అంబేద్కర్ వివరించారు. 2011లో సుప్రీంకోర్టు ఆ ప్రకారమే ప్రైవేటు విద్యాసంస్థల్నీ అందులో చేర్చింది. బోర్డు కట్టి ఊరందర్నీ పిలిచాక అద్దె ఇల్లు మాత్రం ఎందుకు కాదు?

కోర్టు సెంటర్:
వాదన బాగుంది. మేడ మీద పోర్షన్‌ని దుకాణమన్న తీర్పు ఒక్కటి చూపించండి.

వన్‌టౌన్ వదిన:
మీరిద్దరూ 15 పట్టుకునే కొట్టుకుంటున్నారు. ఆయన ఎస్సీలమని చెప్పారుగా, 17 చూడండి. అంటరానితనం ఎవరు పాటించినా నేరమే, ఓనరైనా సరే. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం 4వ సెక్షన్‌లో నివాస గృహాల సంగతీ ఉంది. పైగా 12వ సెక్షన్ ప్రకారం, బాధితులు ఎస్సీలైతే ఆ పని అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు అనుకోవాలి. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివాళ్లు. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. (ఐదొందలకి ఇవాళ బీసెంట్ రోడ్డులో మంచి చెప్పుల జత కూడా రాదు, అది వేరే సంగతి.)

కోర్టు సెంటర్:
ఆ 12వ సెక్షన్ కారణం వరకేనమ్మా. ఇల్లు ఇవ్వనన్నారని ముందు రుజువు కావాలి. "అడ్వాన్స్ వచ్చేసింది" అంటే ఏం చేస్తారు?

పటమట కుర్రాడు:
మరి "శాకాహారులకు మాత్రమే" బోర్డులో? సత్యనారాయణపురంలో నాకు తగిలింది అదే. కులం మాటే ఎత్తరు.

బెజవాడ పాఠకుడు:
షరతు అందరికీ ఒకటే, దెబ్బ మాత్రం కొందరికే. దాన్ని పరోక్ష వివక్ష అంటారు తమ్ముడూ. 2021లో ఆర్మీ మహిళా అధికారుల కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఒప్పుకుంది. ఉద్దేశం లేకపోయినా ఫలితం చూడాలంది. కాకపోతే అక్కడ ఎదుటిపక్షం ప్రభుత్వం. ఓనరు దగ్గరికొచ్చేసరికి కోర్టు సెంటర్ గారి మొదటి మాటే అడ్డొస్తుంది. అద్దె ఇళ్లకి విడిగా చట్టం కావాలని నేను మొత్తుకునేది అందుకే.

వన్‌టౌన్ వదిన:
అద్దెదారు గారూ, ఆ చట్టం వచ్చేదాకా ఆగకండి. బోర్డు ఫోటో తీసి పెట్టుకోండి. వేరేవాళ్ల చేత అదే నంబరుకి ఫోన్ చేయించి ఖాళీ ఉందా అని అడిగించండి.

అరండల్‌పేట అద్దెదారు:
మా బావమరిది ఇందాకే చేశాడమ్మా. ఖాళీగానే ఉంది, ఎప్పుడొస్తారు అన్నారట. కాల్ రికార్డు చేశాడు.