ఫ్లై యాష్‌లో కార్బన్ తగ్గడం లేదు, ఎక్కడ వెతకాలి?

210 మెగావాట్ల బొగ్గు కరెంటు యూనిట్‌లో బాయిలర్ షిఫ్ట్ చూస్తాను. ఫ్లై యాష్‌లో (పొగతోపాటు వెళ్లే బొగ్గు బూడిదలో) మండని కార్బన్ ఎప్పుడూ ఒకటిన్నర శాతం దాటేది కాదు. నెల రోజులుగా 4 నుంచి 6 మధ్య ఆడుతోంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 3812 ప్రకారం సిమెంటులో కలిపే బూడిదకు ఎల్‌ఓఐ (కాల్చినప్పుడు తగ్గే బరువు, ముఖ్యంగా మండని కార్బన్) 5 శాతం మించకూడదు కదా, మొన్న రెండు బల్కర్లు (బూడిద ట్యాంకర్లు) వెనక్కి వచ్చేశాయి. ఇక మా సార్ ఫోన్లు, టెన్షన్ చెప్పక్కర్లేదు.

ఈఎస్‌పీ (పొగలోంచి కరెంటుతో బూడిదను పట్టే యంత్రం) మొదటి ఫీల్డ్ హాపర్ బూడిద అరచేతిలో రుద్దితే ఇదివరకు టాల్కం పౌడర్‌లా జారేది. ఇప్పుడు నల్లటి రవ్వలు గరుగ్గా తగులుతున్నాయి.

బొగ్గు పొడిచేసే మిల్లులన్నిట్లో 200 మెష్ సన్న జల్లెడ గుండా 70 శాతం పైగా పొడి దిగుతోంది. ఒక్క 'సి' మిల్లులో మాత్రం 50 మెష్ జల్లెడ మీద 3 శాతం ముతక పొడి మిగులుతోంది. క్లాసిఫయర్ (ముతక పొడిని తిరిగి మిల్లులోకి పంపే భాగం) వేన్లు బిగిస్తే మిల్లు లోడు తీసుకోవడం లేదు. ఎకనమైజర్ (ఫర్నేస్ దాటాక పొగ వేడితో నీటిని వేడిచేసే భాగం) దగ్గర ఆక్సిజన్ 3.5 శాతం చూపిస్తోంది, కానీ మధ్యలో ఎక్కడో బయటి గాలి చొరబడి, ఫర్నేస్‌లో అంత లేకపోయినా అలా చూపిస్తోందేమోనని నా అనుమానం. గాలి పెంచుదామంటే నాక్స్ (నైట్రోజన్ ఆక్సైడ్ల కాలుష్యం) గొడవ.

ఒక్క మిల్లు ముతక పొడికే ఇంత పెరుగుతుందా? గాలి చొరబాటు యూనిట్ ఆపకుండా పట్టుకోవడం ఎలా? ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్లు ముందు ఏది సరిచేశారో కాస్త చెప్పండి.