మూడు కెమెరాల 4కే ఎడిటింగ్‌కు సాటా ఎస్ఎస్‌డీ సరిపోతుందా?

విండోస్, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ 500 జీబీ ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లో (సాటా ఎస్ఎస్‌డీ కన్నా వేగమైన రకం ఎస్ఎస్‌డీ) ఉన్నాయి. వీడియోలు మాత్రం 4 టీబీ, 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కులు రెండింటిని రెయిడ్ 0గా (డేటాను పంచుకుంటూ ఒకే డిస్కులా పనిచేసేలా) కలిపి అందులో ఉంచాను. ఫుటేజ్ 4కే ప్రోరెస్ 422 (ఎడిటింగ్‌కు వాడే వీడియో ఫార్మాట్), సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో వరుసకు (అంటే ఒక్కో కెమెరా వీడియోకు) సెకనుకు సుమారు 60 ఎంబీ కావాలి.

ఒక కెమెరా వీడియో హాయిగా ఆడుతుంది. మల్టీక్యామ్‌లో మూడూ కలిపి పెడితే నాలుగైదు సెకన్లకే ఫ్రేములు ఎగిరిపోతున్నాయి. అప్పుడు టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం, ప్రాసెసర్ 35 శాతం. వింత ఏమిటంటే, ఒకే పెద్ద ఫైలు కాపీ చేస్తే ఇవే డిస్కులు సెకనుకు 350 ఎంబీ ఇస్తున్నాయి! మూడు ఫైళ్ల మధ్య రీడింగ్ హెడ్ అటూ ఇటూ పరుగులు తీయడమే కారణమని నా అనుమానం.

ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ క్యాష్‌ను (తాత్కాలిక ఫైళ్లను) ఎన్‌వీఎంఈకి మార్చాను. సాటా కేబుళ్లు మార్చాను. స్ట్రైప్ సైజు (ఒక్కో డిస్కుకు పంచే డేటా ముక్క పరిమాణం) 64 నుంచి 256 కేబీకి పెంచి, డిస్కులను ఫార్మాట్ చేసి మళ్లీ నింపాను (ఒక రోజంతా పోయింది). తేడా లేదు. డిస్కుల ఆరోగ్యం చెప్పే స్మార్ట్ రిపోర్టులో లోపాలేమీ లేవు. ప్రాక్సీలతో (తక్కువ నాణ్యత గల చిన్న నకళ్లతో) బాగానే నడుస్తోంది కానీ, రంగులు సరిచేసేటప్పుడు అసలు ఫైళ్లే కావాలి.

రెండో ఎం.2 స్లాట్ (ఎన్‌వీఎంఈ డ్రైవ్ పెట్టే చోటు) వాడితే మదర్‌బోర్డులో రెండు సాటా పోర్టులు పనిచేయవు. బ్యాకప్ డిస్కులు ఉన్నది వాటిలోనే.

ఇలాంటి ఫుటేజ్‌ను 2 టీబీ సాటా ఎస్ఎస్‌డీ నుంచి నేరుగా ఎడిట్ చేస్తున్నవారు చెప్పండి: మూడు వరుసలూ ఆగకుండా ఆడుతున్నాయా, లేక ఎన్‌వీఎంఈ తప్పదా?